ఫారో దేవుడే, కానీ జీతం ఆపితే మాత్రం ఊరుకునేవాళ్ళు కాదు

ప్రాచీన ఈజిప్ట్ గురించి మీరడిగినవి నాలుగు. ఫారోని, అంటే అక్కడి రాజుని, జనం నిజంగా దేవుడనుకున్నారా లేక భయానికి తలొంచారా, పిరమిడ్లు బానిసల్ని కొరడాలతో కొట్టి కట్టించారా, క్లియోపాత్రా అసలు ఈజిప్షియనేనా, అంత బంగారం సమాధుల్లో పెట్టి మూసేస్తే దొంగలు ఊరుకున్నారా. చాలా ఏళ్ళుగా డిగ్రీ పిల్లలకి ప్రాచీన చరిత్ర చెప్తున్నాను, ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఇవే అడుగుతారు, అందుకని కాస్త పెద్దగానే రాస్తున్నా, తీరిగ్గా చదవండి.

మొదటిదానికి సూటిగా చెప్పేస్తా. గద్దె దేవుడిది అని నమ్మారు, దానిమీద కూర్చున్నవాడు మనిషే అని కూడా వాళ్ళకి బాగా తెలుసు, ఈ రెండూ ఒకేసారి నమ్మడంలో వాళ్ళకి ఏ ఇబ్బందీ కనపడలేదు. రాజు బతికున్నంతకాలం డేగ తల ఉండే హోరస్ దేవుడి రూపం, పోయాక చనిపోయినవాళ్ళ లోకాన్ని ఏలే ఒసైరిస్ దేవుడిలో కలిసిపోతాడు, కొత్తగా గద్దెనెక్కినవాడు మళ్ళీ హోరస్. అయితే ఈ దైవత్వం ఉత్తినే రాలేదు, దానికి బదులు రాజు ఒక పని చెయ్యాలి, మాత్‌ని నిలబెట్టాలి. మాత్ అంటే తలమీద ఈక పెట్టుకున్న దేవత, అదే సమయంలో న్యాయం, సత్యం, లోకం ఒక పద్ధతిలో నడవడం, అన్నీ ఆవిడే. ఏ గుడి గోడ చూసినా దేవుడికి నైవేద్యం పెడుతున్నది రాజే, పూజారి కాదు. రోజూ గుడిలో పని చేసేది పూజారులే అయినా లెక్క ప్రకారం వాళ్ళు రాజు తరఫున చేస్తున్నారంతే.

మరి మాత్ నిలబడిందని మామూలు రైతుకి ఎలా తెలుస్తుంది? గింజలు చూసి. నా దృష్టిలో ఈజిప్ట్ రాజరికం మొత్తం బంగారం మీద కాదు, ధాన్యం మీద నిలబడింది. అక్కడ వానలు లేవు, నైలు నదికి జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వరద వస్తుంది, ఒండ్రు మట్టి వేసి వెళ్ళిపోతుంది, ఆ తడిలో విత్తనం చల్లుకోవాలి. వాళ్ళ ఏడాదే దాని చుట్టూ అల్లుకున్నది, వరద కాలం, మొలక కాలం, కోత కాలం అని మూడు రుతువులు, ఒక్కోటి నాలుగు నెలలు, నెలకి కచ్చితంగా 30 రోజులు, చివర్లో ఐదు రోజులు కలిపితే 365. నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో కొలవడానికి ఎలిఫెంటైన్ లాంటి చోట్ల నది ఒడ్డున మెట్లు కట్టి గుర్తులు చెక్కారు. తక్కువ వస్తే కరువు, మరీ ఎక్కువ వస్తే కట్టలు తెగి ఊళ్ళు కొట్టుకుపోతాయి. నాణేలు అనేవి చాలా ఆలస్యంగా, ఫారోల కాలం ముగింపుకొచ్చాక గానీ వాడకంలోకి రాలేదు, కాబట్టి పన్నూ జీతమూ అన్నీ ధాన్యమే. దాన్ని కొలిచి, రాసి, గాదెల్లో పోసి, మళ్ళీ పంచే యంత్రాంగం ఎవరి చేతిలో ఉంటే రాజ్యం వాడిది. క్రీ.పూ. 3100 ప్రాంతంలో నార్మర్ ఎగువ, దిగువ ఈజిప్ట్‌లని కలిపాడని చెప్పే రాతి పలక ఒకటి కైరో మ్యూజియంలో ఉంది, ఒకవైపు తెల్ల కిరీటంతో శత్రువు తల బద్దలుకొడుతుంటాడు, రెండోవైపు ఎర్ర కిరీటంతో ఊరేగుతుంటాడు. బొమ్మ వీరత్వం గురించే గానీ ఆ తర్వాత మూడువేల ఏళ్ళు దేశాన్ని నడిపింది గద కాదండీ, లెక్కలు రాసే కలం.

పిరమిడ్ల సంగతికొద్దాం. బానిసలు కట్టారనేది సినిమాలూ, టూరిస్టు కబుర్లూ కలిసి నిలబెట్టిన మాట. లక్షమంది పనిచేశారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు, కానీ ఆయన వెళ్ళింది పిరమిడ్ కట్టిన రెండువేల ఏళ్ళ తర్వాత, అక్కడివాళ్ళు చెప్పింది రాసుకున్నాడు పాపం. 1990లో గీజా దగ్గర ఒక గుర్రం కాలు ఇసుకలో దేనికో తగిలి తూలింది, తవ్వి చూస్తే పనివాళ్ళ సమాధులు. రాజు పిరమిడ్ నీడలో, రొట్టె కుండలూ బీరు కుండలూ పక్కన పెట్టి పూడ్చారు, బానిసలకి ఆ మర్యాద చెయ్యరు కదా. ఎముకల్లో విరిగి మళ్ళీ సరిగ్గా అతుక్కున్న చేతులూ కాళ్ళూ ఉన్నాయి, అంటే కట్టు కట్టి చూసుకున్నవాళ్ళున్నారు. పక్కనే వాళ్ళుండే ఊరు కూడా బయటపడింది, రొట్టెలు కాల్చే బట్టీలు, గుట్టలుగా పశువుల ఎముకలు, మేకలవీ గొర్రెలవీ.

అన్నిటికన్నా నాకు నచ్చింది 2013లో ఎర్రసముద్రం ఒడ్డున వాదీ అల్ జర్ఫ్ దగ్గర దొరికిన పాపిరస్ కాగితాలు, లోకంలో ఇప్పటిదాకా దొరికిన రాసిన పాపిరస్‌లలో ఇవే పాతవి. గీజా పెద్ద పిరమిడ్ కట్టించుకున్న ఖుఫు రాజు పాలన చివరి ఏళ్ళలో మెరెర్ అనే మేస్త్రీ రాయించుకున్న డైరీ. అతని కింద దాదాపు 40 మంది, పని ఏంటంటే నది అవతల తూరా క్వారీ నుంచి తెల్ల సున్నపురాయి పడవలో గీజాకి చేర్చడం, పది రోజుల్లో రెండు మూడు ట్రిప్పులు. ఫలానా రోజు రాయి ఎక్కించాం, ఫలానా రోజు రాత్రి పడవలోనే గడిపాం, రొట్టెల కోసం మనిషిని పంపాం, అంతే. 146 మీటర్ల ఎత్తు, దాదాపు 23 లక్షల రాళ్ళు అని మనం నోరెళ్ళబెట్టే పిరమిడ్ గురించి అది కట్టినవాడు రాసుకున్నది ఇంత చప్పగా ఉంటుంది, అందుకే నమ్మబుద్ధేస్తుంది. పై అధికారి పేరు కూడా ఉంది, అంఖ్‌హాఫ్, ఖుఫు సవతి తమ్ముడే.

అలాగని అందరూ భక్తితో పరుగెత్తుకొచ్చారని కూడా అనుకోవద్దు, ఈమధ్య నెట్‌లో అటువైపు కూడా బాగా సాగదీస్తున్నారు. అది ఒకరకం వెట్టి, ఊరికింత మంది అని రావాల్సిందే. ఖుఫు తర్వాత చాలాకాలానికి, మధ్య రాజ్యం నాటి ఒక పాపిరస్‌లో ప్రభుత్వ పనినుంచి పారిపోయినవాళ్ళ జాబితా ఉంది, వాడు దొరికేదాకా ఇంట్లోవాళ్ళని పట్టుకుని పెట్టుకున్నారు. యుద్ధాల్లో పట్టుకొచ్చిన బానిసలు కూడా ఉన్నారు, ముఖ్యంగా కొత్త రాజ్యం కాలంలో. పిరమిడ్లని వాళ్ళ ఖాతాలో వెయ్యడమే తప్పు.

వరదలు సరిగా రాకపోతే ఏమవుతుందో క్రీ.పూ. 2150 ప్రాంతంలో చూశారు. రెండో పెపి అనే రాజు ముసలివాడై పోయాక రాజధాని పట్టు జారింది, కరువులు పడ్డాయి, జిల్లాకొకడు రాజయ్యాడు. మొఅల్లా దగ్గర అంఖ్‌టిఫి అనే జిల్లా అధికారి తన సమాధి గోడమీద రాయించుకున్నాడు, దక్షిణం మొత్తం ఆకలితో మాడుతుంటే, జనం పిల్లల్నే తినే స్థితికొస్తే, తన ప్రాంతంలో ఒక్కణ్ణీ చావనివ్వలేదని. డబ్బా కొట్టుకోవడం చాలానే ఉంది అందులో, పిల్లల్ని తినడం వరకూ నేను నమ్మను. కానీ గమనించాల్సింది ఏంటంటే ఆ రాతలో రాజు ఊసు దాదాపుగా లేదు. అన్నం పెట్టినవాడే పేరు చెక్కించుకున్నాడు.

మధ్యలో చాలామంది రాజులున్నారు, అందరి గురించీ రాస్తే తెల్లారుతుంది, గద్దె బలం ఎంతో తెలియడానికి ఇద్దరు చాలు. హత్షెప్సుట్ రెండో థుట్మోస్ రాణి, సవతి కొడుకు చిన్నవాడని పాలన చేతిలోకి తీసుకుని తర్వాత తానే ఫారోనని ప్రకటించుకుంది, ఇరవై ఏళ్ళ పైచిలుకు ఏలింది. విగ్రహాల్లో కట్టుడు గడ్డం, మగవాళ్ళ పంచె, కానీ పక్కన రాతల్లో మాత్రం చాలాచోట్ల ఆమె అనే రాశారు, ఎవరినీ మోసం చెయ్యాలనుకోలేదు, ఫారో అంటే అలా ఉండాలి కాబట్టి ఆ వేషం. పుంట్ దేశానికి ఓడలు పంపి సాంబ్రాణి చెట్లు వేళ్ళతో సహా బుట్టల్లో పెట్టించి తెప్పించింది, ఆ బొమ్మలు దేర్ ఎల్ బహ్రీ గుడిలో ఇప్పటికీ చూడొచ్చు. ఆమె పోయాక దాదాపు ఇరవై ఏళ్ళకి ఆ సవతి కొడుకు మూడో థుట్మోస్ ఆమె పేర్లు చెరిపించాడు. కోపమే అయితే అన్నేళ్ళు ఆగడు కదా, తన తర్వాత కొడుక్కి గద్దె దారి సాఫీగా ఉండాలనే లెక్కే ఎక్కువ కనిపిస్తుంది నాకు.

రెండోవాడు అఖెనాటెన్, క్రీ.పూ. 1350 ప్రాంతం. సూర్యబింబం అటెన్ ఒక్కటే దేవుడన్నాడు, అప్పటిదాకా పెద్దదేవుడైన అమున్ పేరు గుళ్ళల్లో ఉలితో కొట్టించేశాడు, ఎడారిలో కొత్త రాజధాని కట్టాడు, దాన్నే ఇప్పుడు అమర్నా అంటున్నాం. ఈయన్ని గొప్ప తత్వవేత్తలా పొగిడే పుస్తకాలు బోలెడు. అక్కడ మామూలు జనం శ్మశానం తవ్వితే చిన్న వయసులోనే పోయినవాళ్ళు, తిండి చాలని ఎముకలు, మోయలేని బరువులు మోసి నలిగిన వెన్నుపూసలు బయటపడ్డాయి. ఆయన కవిత్వం బాగుంటుంది, ఒప్పుకుంటా, కానీ ఆ ఎముకల గురించి తెలిశాక నాకాయన మీద మోజు పోయింది. ఆయన పోయిన కొన్నేళ్ళకే ఊరు ఖాళీ, గద్దెనెక్కిన టుటన్‌ఖాటెన్ అనే పిల్లాడు పేరులో అటెన్ తీసేసి అమున్ పెట్టుకుని టుటన్‌ఖామున్ అయ్యాడు. తర్వాత అబైడోస్ గుడిలో చెక్కిన రాజుల జాబితాలో హత్షెప్సుట్ లేదు, అఖెనాటెన్ లేడు, టుటన్‌ఖామున్ కూడా లేడు. గద్దెకున్న బలం అది, మనిషిని దేవుణ్ణి చేస్తుంది, పద్ధతి తప్పావంటే అసలు పుట్టనేలేదంటుంది.

ఇప్పుడు నాకిష్టమైన చోటుకొస్తున్నా. లక్సర్‌లో నైలుకి పడమటి వైపు, కొండల మధ్య దేర్ ఎల్ మదీనా అని చిన్న ఊరు, ప్రహరీ లోపల 68 ఇళ్ళు. రాజుల లోయలో సమాధులు తొలిచి బొమ్మలు వేసే పనివాళ్ళు, రాళ్ళు కొట్టేవాళ్ళు, చిత్రకారులు, లెక్కలు రాసేవాళ్ళు, కుటుంబాలతో సహా తరతరాలుగా నాలుగొందల ఏళ్ళు అక్కడే ఉన్నారు. ఊళ్ళో బావి లేదు, నీళ్ళు గాడిదల మీద వచ్చేవి. వీళ్ళలో చదువొచ్చినవాళ్ళు మామూలు ఊళ్ళకన్నా చాలా ఎక్కువ, పాపిరస్ ఖరీదు కాబట్టి పగిలిన కుండ పెంకుల మీదా సున్నపురాతి ముక్కల మీదా ప్రతిదీ రాసిపడేశారు, అవి వేలకొద్దీ దొరికాయి. ఫారోని జనం ఏమనుకున్నారో తెలుసుకోవాలంటే గుడి గోడలు కాదు చూడాల్సింది, ఈ పెంకులు.

బ్రిటిష్ మ్యూజియంలో ఒక రాతిపలక ఉంది, రెండో రామ్సెస్ పాలనలో 40వ ఏడాది నాటి హాజరు పట్టీ. 40 మంది పేర్లు, పనికి రాని రోజులు, పైన ఎర్ర సిరాతో కారణం. ఒకడికి తేలు కుట్టింది, ఒకడికి కళ్ళ జబ్బు, ఒకడు తల్లి శవానికి గుడ్డలు చుట్టడానికి వెళ్ళాడు, ఇంకొకడు బీరు కాస్తున్నాడు, ఒకరిద్దరింట్లో ఆడవాళ్ళు బయటున్నారట, మరొకడు పై అధికారి సొంతపని మీద వెళ్ళాడు. చివరిది చూసి నవ్వొచ్చింది, ఆఫీసుల్లో మూడువేల ఏళ్ళ పైబడ్డ సంప్రదాయం అన్నమాట. పనికి పది రోజుల వారం. రాగి ఉలులు తూకం వేసి ఇచ్చి తూకం వేసి తీసుకునేవాళ్ళు, సమాధి లోపల వెలుగుకి ఎన్ని వత్తులు ఖర్చయ్యాయో అది కూడా లెక్కే. నెల జీతం మామూలు పనివాడికి ఐదున్నర ఖార్ల గింజలు, అందులో రొట్టెలకి నాలుగు ఖార్ల ఎమ్మర్ అనే పాతరకం గోధుమ, బీరుకి ఒకటిన్నర ఖార్ల బార్లీ. ఒక ఖార్ అంటే ఇంచుమించు 77 లీటర్ల కొలత. ఇవికాక చేపలు, కూరగాయలు, వంటచెరుకు, ప్రభుత్వం పెట్టిన చాకళ్ళు కూడా ఉన్నారు బట్టలుతకడానికి.

ఊళ్ళో గొడవలొస్తే దేవుణ్ణే అడిగేవాళ్ళు. దేవుడంటే ఇక్కడ మొదటి అమెన్‌హోటెప్, అప్పటికే ఎప్పుడో చచ్చిపోయిన రాజు, ఆయనా ఆయన తల్లి అహ్మోస్ నెఫెర్టారీ ఆ ఊరి ఇలవేల్పులు. మన ఉత్సవ విగ్రహంలాగే ఆయన బొమ్మని బోయీలు భుజాల మీద మోస్తూ ఊరేగిస్తుంటే ఎదురెళ్ళి, అయ్యా నా గుడ్డలు ఫలానావాడే ఎత్తుకెళ్ళాడా అని అడగడం, బొమ్మ ముందుకొస్తే అవును, వెనక్కెళితే కాదు. మోసేది ఇరుగుపొరుగువాళ్ళే, ఎవడు దొంగో ఊరందరికీ ముందే తెలిసుంటుంది, కాబట్టి తీర్పు చాలావరకు సరిగ్గానే వచ్చి ఉంటుంది.

ఆడవాళ్ళ సంగతి కూడా ఇక్కడే తెలుస్తుంది. ఐదో రామ్సెస్ కాలంలో నౌనఖ్తే అని ఒక పెద్దావిడ సాక్షుల ముందు వీలునామా రాయించింది. ఎనిమిది మందిని పెంచి పెద్దచేసి, ఇళ్ళు నిలబెట్టుకోడానికి కావలసినవన్నీ ఇచ్చాను, ముసలిదాన్నయ్యాక వీళ్ళు నన్ను చూడట్లేదు, చేతిలో చెయ్యి వేసినవాళ్ళకే నా ఆస్తి, వెయ్యనివాళ్ళకి లేదు అని కొందరి పేర్లు తీయించేసింది. బాగా చూసుకున్న కొడుక్కి ఒక కంచు పాత్ర అదనంగా ఇచ్చింది. ఆస్తి ఆవిడ సొంతం, రాసుకునే హక్కూ ఆవిడదే. మొగుడు వదిలేస్తే వాటా అడిగే హక్కు కూడా ఉండేది. ఆ కాలంలో చుట్టుపక్కల దేశాల్లో ఆడవాళ్ళకి ఇంత లేదు.

ఇక అసలు సంగతి. మూడో రామ్సెస్ 29వ ఏడాది, క్రీ.పూ. 1157 ప్రాంతం. ఈయన సముద్రం మీంచి వచ్చిపడ్డ గుంపుల్ని తిప్పికొట్టిన రాజు, మెదినెత్ హబు అనే భారీ గుడి కట్టినవాడు, గోడనిండా విజయాలే. అదే గుడికి కాస్త దూరంలో ఉన్న పనివాళ్ళకి మాత్రం గింజలు రావట్లేదు. శీతాకాలంలో ఒకరోజు పనివాళ్ళంతా శ్మశానం కాపలా గోడలు ఐదూ దాటొచ్చి మూడో థుట్మోస్ గుడి వెనక బైఠాయించారు, నెలలో పద్దెనిమిది రోజులైపోయాయి, ఆకలేస్తోంది అని. మేస్త్రీలు బతిమాలారు, వినలేదు. మర్నాడు రామ్సెసియం గుడి దగ్గరికెళ్ళారు, ఆ తర్వాత లోపలికే పోయి కూర్చున్నారు. మాకు గుడ్డల్లేవు, నూనె లేదు, చేపల్లేవు, కూరల్లేవు, ఆకలికీ దాహానికీ తట్టుకోలేక ఇక్కడిదాకా వచ్చాం, ఈ సంగతి మా మంచి ప్రభువు ఫారోకి రాసి పంపండి, మా పైనున్న వజీరుకి కూడా రాయండి, మాకు బతుకుతెరువు చూపించమనండి, ఇదీ వాళ్ళ మాటల సారం. రాసింది అమెన్నఖ్తే అనే ఊరి లెక్కల మనిషి, ఆ పాపిరస్ ఇప్పుడు ఇటలీలో ట్యూరిన్ మ్యూజియంలో ఉంది. లోకంలో కాగితం మీదకెక్కిన మొట్టమొదటి సమ్మె ఇదే.

ముందు నెల బకాయి ఇచ్చి అప్పటికి సర్దారు, మళ్ళీ ఆగిపోయింది, మళ్ళీ కూర్చున్నారు. ఇంకోసారి వాళ్ళు ఏమన్నారో చూడండి, మేం కేవలం ఆకలితో రాలేదు, ఫారోగారి ఈ చోటులోనే తప్పు జరుగుతోంది, దాని మీద ఫిర్యాదు చేస్తున్నాం అని. రాజుని తిట్టలేదు, రాజు పేరు చెప్పి మాత్ ఏదీ అని అడిగారు. మీ మొదటి ప్రశ్నకి ఇంతకన్నా మంచి జవాబు నా దగ్గర లేదు. 'తో' అనే పేరున్న వజీరు ఆ ఏడాది దక్షిణానికి వచ్చాడు కూడా, దేనికీ, రాజుగారి ముప్పై ఏళ్ళ పండగకి దేవుళ్ళ విగ్రహాలు తీసుకెళ్ళడానికి. పనివాళ్ళని కలవకుండానే పడవెక్కి ఒక పోలీసు అధికారితో కబురు పంపాడు, గాదెల్లోనే ఏమీ లేదు, దొరికినంత ఇస్తున్నా అని. ఇచ్చింది సగం రేషన్.

ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే ఆ రాజుని అంతఃపురంలోనే చంపారు. తియ్ అనే రాణి తన కొడుకు పెంటవేర్‌ని గద్దెనెక్కించాలని వంటవాళ్ళనీ, నౌకర్లనీ, సైన్యంలోవాళ్ళనీ కూడగట్టింది, మైనం బొమ్మలు చేసి చేతబడి కూడా చేయించారు. విచారణ కాగితాలున్నాయి, అందులో తమాషా ఏంటంటే విచారించడానికి కూర్చున్నవాళ్ళలోనే కొందరు ముద్దాయి ఆడవాళ్ళతో కలిసి తాగి దొరికిపోయారు, వాళ్ళకి ముక్కూ చెవులూ కోశారు. రాజు నిజంగా చచ్చిపోయాడా బతికి బయటపడ్డాడా అని చాన్నాళ్ళు వాదించుకున్నారు, 2012లో మమ్మీ స్కాన్ వివరాలు బయటికొచ్చాయి, గొంతు ఎముకదాకా తెగి ఉంది. పైన చుట్టిన గుడ్డల్లో కనపడలేదన్నమాట. దేవుడి గొంతు కోసినవాళ్ళు కూడా ఆ గద్దెని తీసెయ్యాలనుకోలేదు చూడండి, దానిమీద వేరేవాణ్ణి కూర్చోబెట్టాలనే అనుకున్నారు.

దొంగల ప్రశ్నకి ఇక్కణ్ణించే దారి. తొమ్మిదో రామ్సెస్ 16వ ఏడాది, క్రీ.పూ. 1110 దరిదాపుల్లో, సమాధులు దోచేస్తున్నారని తూర్పు ఒడ్డు మేయర్ పాసెర్ ఫిర్యాదు చేశాడు, పడమటి ఒడ్డు మేయర్ పవెరా కిందనే సమాధులు కాబట్టి అతనికి మండింది, కమిటీ వేశారు, తనిఖీ చేసి పెద్దగా ఏం పోలేదని తేల్చారు. కానీ దొరికినవాళ్ళలో అమెన్‌పనుఫెర్ అనే రాళ్ళు కొట్టేవాడి వాంగ్మూలం ఉంది, చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. ఎనిమిది మంది రాగి ఉలులతో సొరంగం తొలిచి సోబెకెమ్‌సాఫ్ అనే పాతరాజు సమాధిలోకి దిగారు. పేటికలు తెరిచారు, రాజు మెడలో బంగారం, ముఖానికి బంగారు తొడుగు, మొత్తం వలిచేశారు, పక్కనే రాణివి కూడా, తర్వాత పేటికలకి నిప్పుపెట్టారు. పంచుకుంటే తలా 20 డెబెన్‌ల బంగారం, డెబెన్ అంటే 91 గ్రాములు, అంటే దాదాపు 1.8 కిలోలు. కొన్నాళ్ళకి ఇతను దొరికాడు. తన వాటా బంగారం మొత్తం ఒక ఉద్యోగికి లంచమిచ్చి బయటికొచ్చాడు, వచ్చి మిగతావాళ్ళని కలిస్తే వాళ్ళ వాటాల్లోంచి మళ్ళీ ఇతనికి పంచారు, మళ్ళీ పనిలో పడ్డాడు. మేమే కాదు, ఊళ్ళో చాలామంది ఇదే పని చేస్తున్నారు అని కూడా చెప్పాడు. ఈ పాపిరస్ రెండు ముక్కలు, ఒక ముక్క 1935లో బ్రస్సెల్స్‌లో ఒక చెక్క బొమ్మ పొట్టలో దొరికింది.

మరి వీళ్ళకి దైవభయం లేదా అంటే, ఉంది. అదే దేర్ ఎల్ మదీనాలో నెఫెరాబు అనే అతను, దేవుడి పేరుమీద అబద్ధపు ఒట్టు వేశాను, పట్టపగలు చీకటి చూపించాడు అని రాయి చెక్కించి క్షమించమని వేడుకున్నాడు. ఒకచోట ఒకడు ఒట్టుకి వణికాడు, ఇంకోచోట ఒకడు రాజు శవానికి నిప్పుపెట్టాడు. మనుషులండీ, అన్నిరకాలూ ఉంటారు.

క్లియోపాత్రా గురించి క్లుప్తంగా. పుట్టింది ఈజిప్ట్‌లోనే గానీ వంశం మాసిడోనియా గ్రీకులది, అలెగ్జాండర్ సేనాని టాలమీ క్రీ.పూ. 305లో రాజయ్యాక మొదలైంది. దాదాపు మూడొందల ఏళ్ళు ఏలినా ఆ వంశంలో ఈజిప్ట్ భాష నేర్చుకున్నది ఈమే అని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. అయినా డెండెరా గుడి గోడమీద చూస్తే అచ్చం పాత ఫారోల పద్ధతిలో కొడుకు సీజరియన్‌తో కలిసి దేవుళ్ళకి నైవేద్యం పెడుతుంటుంది. గింజలు ఆ పొలాల్లోంచి రావాలంటే ఆ గోడమీద అలా కనపడాల్సిందే. క్రీ.పూ. 30లో ఆమె పోయాక ఆ గింజలు ఓడలెక్కి రోమ్‌కి పోయాయి.

మన దగ్గర చూసేదేమైనా ఉందా అంటే హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో ఒక మమ్మీ ఉంది, ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొనుక్కొస్తే ఏడో నిజాం ద్వారా 1930లో మ్యూజియంకి చేరింది. రాకుమారి నైషు, ఆరో ఫారో కూతురు అని చెప్తుంటారు. ఆరో ఫారో అనే లెక్కకి అర్థం లేదు, మమ్మీ అయితే క్లియోపాత్రా వంశం నడిచిన కాలానిదే. వెళ్తే ఆ కబుర్లు పక్కనపెట్టి గుడ్డ చుట్టిన తీరు దగ్గరగా చూడండి. ఒళ్ళంతా నేట్రాన్ అనే ఉప్పులో ఆరబెట్టి, గుడ్డలు చుట్టి, మొత్తం డెబ్భై రోజులు పట్టే పని. మెదడు ముక్కులోంచి లాగి పారేసేవాళ్ళు, గుండెని మాత్రం లోపలే ఉంచేవాళ్ళు, పైలోకంలో మాత్ ఈకతో తూచాల్సింది దాన్నే కాబట్టి.

చివరిది, టుటన్‌ఖామున్ బంగారం ఎలా మిగిలింది. పూర్తిగా మిగల్లేదు, పూడ్చిన కొద్దికాలానికే రెండుసార్లు దొంగలు పడ్డారు, చిన్నచిన్నవీ ఖరీదైన నూనెలూ పోయాయి, అధికారులు మళ్ళీ సర్ది మూశారు. తర్వాత ఆరో రామ్సెస్ సమాధి తవ్వే పనివాళ్ళు, అదే మన దేర్ ఎల్ మదీనావాళ్ళు, సరిగ్గా ఈ దారి మీదే రాళ్ళు పోసి గుడిసెలు వేసుకున్నారు. మిగతా రాజుల మమ్మీలని మాత్రం కాపాడలేక పూజారులే నగలు తీసేసి, చాలావాటిని కలిపి దేర్ ఎల్ బహ్రీ దగ్గర ఒక గోతిలో దాచారు, అవి 1881లో బయటపడ్డాయి. తవ్వకాలు జరిపించిన హోవర్డ్ కార్టర్ అనే ఇంగ్లీషాయన 1922 నవంబర్ 4న ఆ గుడిసెల కింద మొదటి మెట్టు చూశాడు. లోపలి పేటిక ఒక్కటే 110 కిలోల బంగారం, అందరూ దానిముందే గుమిగూడతారు. నేనైతే ఉషబ్తీలు చూడమంటా, పైలోకంలో రాజుగారికి పొలం పని పడితే బదులు చెయ్యడానికి పెట్టిన చిన్న బొమ్మలు. 413 ఉన్నాయి. 365 మంది కూలీలు, రోజుకొకడు. పదిమందికొకడు చొప్పున 36 మంది మేస్త్రీలు. నెలకొకడు చొప్పున ఇంకో 12 మంది పై మేస్త్రీలు.